డైవింగ్‌లో గేజ్, కంప్యూటర్, కంపాస్ ఎక్కడ పెట్టుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

స్కూబా కోర్సు పూర్తిచేసి సొంత సామాను కొనుక్కునే దశకు వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఇవే అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒకచోట రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. వీపున ఒకే సిలిండర్ పెట్టుకుని సరదాకి డైవ్ చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది.

## కొనే ముందు

నీటిలో అసలు ఏమేం చూసుకోవాలి? అన్నీ ఒకేచోట ఉంటేనే మంచిది కదా?

సిలిండర్‌లో ఎంత గాలి మిగిలింది, ఎంత లోతులో ఉన్నాం, ఎంతసేపైంది, ఏ దిక్కుకు పోతున్నాం. ఈ నాలుగే. ఆ లోతులో ఇంకా ఎంతసేపు ఉండొచ్చు అన్నది కూడా సమయం లెక్కలోదే, లోతు, సమయంతో పాటు దాన్ని లెక్కకట్టి చూపేదే డైవ్ కంప్యూటర్. కానీ వీటన్నిటినీ ఒకేలా చూడం. దిగేటప్పుడు, పైకి వచ్చేటప్పుడు లోతు మీద కన్ను ఉండాల్సిందే. గాలిని కొన్ని నిమిషాలకోసారి చూస్తాం, లోతుకు వెళ్లేకొద్దీ ఇంకా తరచుగా చూడాలి, ఎందుకంటే పైన పీల్చే శ్వాసతో పోలిస్తే 10 మీటర్ల దగ్గర రెట్టింపు గాలి ఖర్చవుతుంది, 30 మీటర్ల దగ్గర నాలుగు రెట్లు. దిక్కు కొన్ని డైవ్‌లలో ఒకటి రెండుసార్లు చూస్తే చాలు. కాబట్టి అన్నీ ఒకేచోట ఉండి తీరాలన్న పట్టింపు అక్కర్లేదు. ఎక్కువసార్లు చూసేది కళ్లముందు ఉండాలి, మిగతావి చెయ్యి పెట్టగానే దొరకాలి. చూడటానికి ఇబ్బందిగా ఉన్నదాన్ని మనకు తెలియకుండానే తక్కువసార్లు చూస్తాం, ఎక్కడ పెట్టుకోవాలి అన్న ప్రశ్న అంత ముఖ్యం కావడానికి కారణం అదే.

కన్సోల్ మంచిదా, చేతికి కట్టుకునే కంప్యూటర్ మంచిదా? ఒక్క మాటలో చెప్పండి.

కంప్యూటర్ చేతికి, గాలి చూపే గేజ్ మాత్రం విడిగా చిన్న హోస్ మీద. నా సలహా ఇదే.

కారణాలు చెప్తాను. కన్సోల్ అంటే ప్రెషర్ గేజ్, కంప్యూటర్ లేదా డెప్త్ గేజ్, ఒక్కోసారి కంపాస్, ఇవన్నీ ఒకే రబ్బరు పెట్టెలో, ఒకే హోస్ చివర ఉంటాయి. పోగొట్టుకునే భయం ఉండదు, రెగ్యులేటర్ (సిలిండర్‌లోంచి శ్వాసకు గాలి అందించే పరికరం) బిగిస్తే అన్నీ వచ్చేసినట్టే, ఒక్కసారి పైకెత్తితే అన్నీ కనిపిస్తాయి. ఈ లాభాలు నిజమైనవే, కొత్తవాళ్లకు బాగా ఉపయోగపడతాయి. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, కన్సోల్ చూడాలంటే ఒక చెయ్యి పూర్తిగా దానికే పోతుంది, సరిగ్గా పైకి వచ్చే సమయంలోనే మీ ఎడమ చెయ్యి బీసీడీ (తేలడాన్ని అదుపు చేయడానికి గాలి నింపే జాకెట్) లోంచి గాలి వదిలే పనిలో ఉంటుంది, కుడి చేతిలో టార్చో కెమెరానో తాడో ఉంటుంది. అప్పుడు ఎంత వేగంగా పైకి వస్తున్నామో చూడటం కుదరదు. మణికట్టు మీద ఉంటే చూపు తిప్పితే చాలు. పైగా కన్సోల్ బరువుగా ఉంటుంది, తగిలించడం మరిచిపోతే కిందికి వేలాడి ఇసుకను, పగడాలను రాసుకుంటూ పోతుంది.

కోర్సులో కన్సోల్‌తోనే నేర్చుకున్నాను, అలవాటైపోయింది. ఇప్పుడు మార్చాలా?

తప్పనిసరి ఏమీ కాదు. కన్సోల్‌ని ఛాతీ దగ్గరో నడుము దగ్గరో తగిలించుకుని, పైకి వచ్చేటప్పుడు ముందుగానే చేతిలోకి తీసుకునే అలవాటు ఉంటే ఏళ్ల తరబడి హాయిగా డైవ్ చేయొచ్చు. కొత్త కంప్యూటర్ కొనే రోజు వచ్చినప్పుడు మాత్రం చేతికి కట్టుకునేది తీసుకోండి. చాలా మోడళ్లను కన్సోల్ పెట్టెలోంచి తీసి పట్టీకి మార్చుకోవచ్చు, మీది అలాంటిదైతే ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ట్రాన్స్‌మిటర్ పెట్టుకుంటే గాలి కూడా చేతి మీదే కనిపిస్తుంది కదా, ఇక ప్రెషర్ గేజ్ తీసేయొచ్చా?

నేనైతే తీయను. ట్రాన్స్‌మిటర్ (సిలిండర్‌లో ఒత్తిడిని కంప్యూటర్‌కు పంపే పరికరం) మంచి వసతి, కాదనను. లోతు, సమయం, గాలి మూడూ ఒక్క చూపులో తెలుస్తాయి, ఇప్పుడు పీలుస్తున్న వేగంతో గాలి ఇంకా ఎన్ని నిమిషాలు వస్తుందో కూడా కొన్ని కంప్యూటర్లు లెక్కకట్టి చూపిస్తాయి. కానీ అది రేడియో సంకేతం మీద, రెండు బ్యాటరీల మీద ఆధారపడింది. ఒకటి ఆగిపోయినా సిలిండర్‌లో ఏముందో మీకు తెలియదు, గేజ్ లేకపోతే ఆ డైవ్ అక్కడితో ముగించి పైకి రావాల్సిందే. చాలా ఫస్ట్ స్టేజ్‌లకు (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగం) హై ప్రెషర్ పోర్టులు రెండు ఉంటాయి కాబట్టి ఒకదానికి ట్రాన్స్‌మిటర్, రెండోదానికి గేజ్ బిగించుకోవచ్చు. ఒక హోస్ తగ్గుతుందని గేజ్ తీసేసే అనుభవజ్ఞులు ఉన్నారు. అలా చేస్తే, సిగ్నల్ పోయిన వెంటనే డైవ్ ఆపేస్తాను అన్న నియమం మీద రాజీ పడకూడదు.

వాచీ సైజు కంప్యూటరా, పెద్ద స్క్రీన్ ఉన్నదా? నాకు దగ్గరి చూపు సరిగా ఆనదు.

పెద్ద స్క్రీన్. మాస్క్ అద్దం గుండా చూస్తే నీటిలో వస్తువులు దాదాపు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి, అయినా దగ్గరి చూపు సమస్యకు ఆ సాయం సరిపోదు. వాచీ సైజువి బయట రోజూ పెట్టుకోవడానికి బాగుంటాయి, కానీ చిన్న అంకెలు, గ్లవ్స్‌తో నొక్కలేని సన్నటి బటన్లు నీటిలో విసుగు తెప్పిస్తాయి. మాస్క్ కింది భాగంలో అంటించుకునే రీడింగ్ లెన్సులు దొరుకుతాయి, అవి కూడా బాగా పనిచేస్తాయి. 1983లో వచ్చిన ఆర్కా ఎడ్జ్ అనే డైవ్ కంప్యూటర్ మణికట్టుకు కట్టుకునే సైజులో ఉండేదే కాదు. ఇప్పుడు ఏ సైజు కావాలంటే అది దొరుకుతోంది, అందుకే అందం కన్నా ముందు అంకెలు చూడండి. చెయ్యి పూర్తిగా చాచి, కళ్లజోడు లేకుండా లోతు అంకె చదవగలిగితే అది మీకు సరిపోతుంది.

మాస్క్‌లోనే అంకెలు కనిపించే డిస్‌ప్లేలు ఉన్నాయట, అవెలా ఉంటాయి?

చేతులు రెండూ ఎప్పుడూ పనిలో ఉండేవాళ్లకు, మురికి నీటిలో పనిచేసేవాళ్లకు బాగుంటాయి. సరదా డైవ్‌లకు అవసరం లేదు. ఖరీదెక్కువ, మాస్క్ జారిపోతే దానితోపాటే పోతుంది, కళ్లముందు ఎప్పుడూ ఏదో వెలుగుతుండటం కొందరికి చిరాకు.

మా బడ్డీ దగ్గర కంప్యూటర్ ఉంది, ఇద్దరం ఒకేచోట ఉంటాం. నాకు కూడా కావాలా?

కావాలి. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నట్టు అనిపించినా ఒకరు రెండు మీటర్లు కింద ఉంటారు, ఒకరు ముందు దిగుతారు. ఒంట్లో కరిగే నైట్రోజన్ ఎవరిది వాళ్లదే. కంప్యూటర్ లెక్కకట్టేది అది వెళ్లిన లోతునే, పక్కన ఉన్న మనిషిది కాదు.

## అమర్చుకునేటప్పుడు

ఏ చేతికి కట్టుకోవాలి?

బీసీడీలో గాలి నింపే, వదిలే గొట్టం దాదాపు అందరికీ ఎడమ భుజం మీదే ఉంటుంది. ఎడమ చెయ్యి ఆ పని చేస్తుండగా కుడి మణికట్టు కళ్లముందు ఉంటుంది కాబట్టి కంప్యూటర్ కుడి చేతికి అంటాను నేను. గొట్టం పైకెత్తినప్పుడు ఎడమ మణికట్టే మొహం దగ్గరికి వస్తుంది కదా, ఎడమ చేతికే మంచిది అనేవాళ్లూ ఉన్నారు, వాళ్లు చెప్పేది కూడా కొందరికి సరిగ్గా కుదురుతుంది. లోతు తక్కువ ఉన్నచోట రెండు చేతులకూ పెట్టి చూడండి. గాలి వదులుతూ, తల పెద్దగా తిప్పకుండా అంకె ఏ చేతి మీద కనిపిస్తే ఆ చేతికి ఖాయం చేసుకుని ఇక మార్చకండి, కంగారులో చూపు అలవాటైన చోటికే పోతుంది.

పట్టీ బాగా బిగించినా లోతుకు వెళ్లాక వదులైపోతోంది, ఎందుకు?

వెట్‌సూట్ గుడ్డలో సన్నటి గాలి బుడగలు ఉంటాయి. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడికి అవి కుంచించుకుపోయి సూట్ పలచబడుతుంది, పైన బిగుతుగా ఉన్న పట్టీ కింద తిరిగిపోతుంది. పైనే ఇంకా బిగిస్తే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. దీనికి మంచి మందు బంజీ, అంటే సాగే తాడు. సూట్ పలచబడితే అది కూడా బిగుసుకుంటుంది. ఒకే తాడును అటూ ఇటూ తిప్పి కట్టకుండా, రెండు విడివిడి తాళ్లుగా, దేని ముడి దానికి వేసి కట్టండి, ఒకటి తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. పట్టీయే వాడతానంటే సాగే రబ్బరు పట్టీ చూసుకోండి, పట్టీని కంప్యూటర్‌కు పట్టి ఉంచే సన్నటి స్ప్రింగ్ పిన్నులు మాత్రం తరచుగా చూస్తుండండి. కంప్యూటర్లు జారిపోయేది చాలాసార్లు అక్కడే.

ప్రెషర్ గేజ్ ఎక్కడ తగిలించాలి? హోస్ ఎంత పొడవు ఉండాలి?

ఎడమ చంక కిందుగా తెచ్చి, నడుము ఎడమ వైపున్న డీ రింగ్‌కు (D ఆకారపు రింగు) బోల్ట్ స్నాప్‌తో (జారే గొళ్లెం ఉన్న కొక్కెం) తగిలించడం అన్నిటికన్నా చక్కని పద్ధతి. ముందుకు వేలాడదు, ఈదేటప్పుడు అడ్డు రాదు, ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు. మామూలుగా వచ్చే హోస్ 80 నుంచి 90 సెంటీమీటర్లు ఉంటుంది, ఇలా తగిలించడానికి అది ఎక్కువైపోయి పక్కకు ఉంగరంలా పొడుచుకొస్తుంది, ఎక్కడైనా చిక్కుకోవచ్చు. చాలామందికి 60 సెంటీమీటర్ల హోస్ సరిపోతుంది. పొడవాటి మనుషులకు, పెద్ద ఒళ్లున్నవాళ్లకు కాస్త ఎక్కువ కావాలి, అందుకే కొనేముందు సామాను మొత్తం వేసుకుని ఫస్ట్ స్టేజ్ నుంచి నడుము దాకా తాడుతో కొలవండి, వంగినప్పుడు లాగకూడదు, నిలబడినప్పుడు ఉంగరం పడకూడదు. నడుము దగ్గర కొక్కెం వెతకడం కష్టంగా ఉందనుకునే కొత్తవాళ్లు ఛాతీ మీద ఎడమ వైపు డీ రింగ్‌కు తగిలించుకోవచ్చు. ఎక్కడైనా సరే, తగిలించి ఉండటం ముఖ్యం.

స్నాప్‌ను గేజ్‌కు ఇనుప రింగుతో బిగించకండి. గట్టి సన్నటి తాడుతో కట్టండి. ఎప్పుడైనా స్నాప్ ఇరుక్కుపోతే తాడును కోసి బయటపడొచ్చు, ఇనుముకు ఇనుము బిగిస్తే కోయడానికి ఏమీ ఉండదు.

రిట్రాక్టర్ వాడొచ్చా? లాగితే వస్తుంది, వదిలితే వెనక్కి పోతుంది, సులువుగా ఉంది కదా.

చిన్న కంపాస్ లాంటి తేలికైన వాటికి ఫరవాలేదు. బరువైన కన్సోల్‌కు వద్దు. చూస్తున్నంతసేపూ స్ప్రింగ్ వెనక్కి లాగుతూనే ఉంటుంది, లోపల ఇసుక, ఉప్పు చేరి ఏదో ఒకరోజు బిగుసుకుపోతుంది, తాడు అరిగింది కూడా బయటికి కనిపించదు. బోల్ట్ స్నాప్‌లో పాడవడానికి ఏమంత లేదు.

కంపాస్ ఎక్కడ పెట్టుకుంటే సరిగ్గా చూపిస్తుంది?

కంపాస్‌కు మూడు కావాలి. ఇనుముకు దూరంగా ఉండాలి, సమతలంగా ఉండాలి, దాని గీత మీ ఒంటి గీతతో ఒకటవ్వాలి. స్టీల్ సిలిండర్, అయస్కాంతపు స్విచ్ ఉన్న టార్చ్, పక్కన ఆనుకున్న ఇంకో కంపాస్, ఇవన్నీ ముల్లును తప్పు తోవ పట్టిస్తాయి. కన్సోల్‌లో ఉంటే రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు పక్కలకు ఆనించి, ఛాతీ ముందు నేరుగా పెట్టుకుంటే గీత దానంతటదే కుదురుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం కన్సోలే తేలిక అని ఒప్పుకుంటాను. చేతికి కట్టుకుంటే కంప్యూటర్ లేని చేతికి కట్టండి. ఎడమ మణికట్టు మీద ఉందనుకుంటే, కుడి చెయ్యి నేరుగా ముందుకు చాచి, ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకోండి, కంపాస్ సరిగ్గా ముఖం ముందుకొస్తుంది. ఉత్తర, దక్షిణ అర్ధగోళాలకు ముల్లు వంపు వేరుగా ఉంటుంది కాబట్టి ఒకచోటి కంపాస్ ఇంకోచోట ముల్లు రాసుకుని ఆగిపోవచ్చు, దూరదేశం వెళ్లేవాళ్లు ఇది చూసుకోవాలి. కంప్యూటర్‌లోని డిజిటల్ కంపాస్ అయితే బ్యాటరీ మార్చినప్పుడల్లా మళ్లీ కాలిబ్రేట్ చేయండి.

ట్రాన్స్‌మిటర్ ఏ వైపు పోర్టుకు బిగించాలి?

కంప్యూటర్ ఏ చేతికి ఉందో ఆ వైపుకే. సిగ్నల్ వెళ్లేది కొద్ది దూరమే. బిగించేటప్పుడు చేత్తో తిప్పకుండా అడుగున ఉన్న నట్టును స్పానర్‌తో తిప్పండి. మోయడానికి, లాగడానికి అనువుగా కనిపించే సైజులో ఉంటుంది కాబట్టి పడవ మీద సాయం చేసేవాళ్లు దాన్ని పిడిలా పట్టుకుని సిలిండర్ ఎత్తేస్తుంటారు, ముందే చెప్పి ఉంచండి. ఆ భయం ఉంటే చిన్న హోస్ ముక్క చివర ట్రాన్స్‌మిటర్ పెట్టుకోవచ్చు, అప్పుడు దెబ్బ తగిలినా వంగుతుంది, విరగదు.

## నీటిలో

సిలిండర్ తెరిచేటప్పుడు గేజ్ అద్దం అటు తిప్పమంటారు, నిజంగా అవసరమా?

అవసరమే, ఒక్క క్షణం పని. ఒకేసారి 200 బార్ ఒత్తిడి వచ్చిపడుతుంది, లోపలి సన్నటి గొట్టం పాడై ఉంటే అద్దం ఎగిరే అవకాశం ఉంది. అందుకే అద్దం మీ వైపూ పక్కవాళ్ల వైపూ కాకుండా పట్టుకుని వాల్వ్ నెమ్మదిగా తెరవండి. తర్వాత గేజ్ చూస్తూ రెగ్యులేటర్‌లోంచి నాలుగైదు శ్వాసలు తీసుకోండి. శ్వాస తీసుకున్నప్పుడల్లా ముల్లు పడిపోయి మళ్లీ లేస్తోందంటే వాల్వ్ సరిగా తెరవలేదన్నమాట, అలా దూకితే లోతులో గాలి చాలదు.

పడవ మీంచి దూకేటప్పుడు ఇవన్నీ ఎలా పట్టుకోవాలి?

గేజో కన్సోలో తగిలించి ఉందని చేత్తో తడిమి చూసుకోండి. వదులుగా ఉన్న కన్సోల్ దూకిన వేగానికి పైకి లేచి పళ్లకో మాస్క్‌కో తగులుతుంది. చేతి కంప్యూటర్ దూకకముందే ఆన్ చేసి, గాలి రకం సరిగా ఉందో చూడండి, నైట్రాక్స్ (మామూలు గాలి కంటే ఆక్సిజన్ ఎక్కువున్న మిశ్రమం) అయితే ఆక్సిజన్ శాతం తప్పక చూడండి.

కెమెరా పట్టుకుంటే కంప్యూటర్ చూడటం మరిచిపోతున్నాను. కెమెరాకే బిగించేయొచ్చా?

రెండో కంప్యూటర్ ఉంటే అది బిగించుకోండి, అసలుది మాత్రం ఒంటి మీదే ఉండాలి. కెమెరా బడ్డీకి ఇచ్చినా, పడవ వాళ్లకు ముందే అందించినా, చేజారిపోయినా, సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చే దారిలో కాసేపు ఆగే చోటు) దగ్గర మీ లెక్క మీ దగ్గర ఉండదు. కెమెరా పట్టుకున్న మణికట్టు లోపలి వైపుకు కంప్యూటర్ తిప్పి కట్టుకుంటే వ్యూఫైండర్ నుంచి చూపు కాస్త దించగానే కనిపిస్తుంది, ఫొటోలు తీసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఇంకొకటి, ఫొటో తీయకముందు గాలి చూడండి. తీశాక చూద్దాం అనుకుంటే ఆ తర్వాత ఇంకో ఫొటో వస్తుంది.

పైకి వచ్చేటప్పుడు చేతులు చాలట్లేదు. ఏది ముందు చూడాలి?

లోతు, ఎక్కే వేగం. గాలి ఎంతుందో బయలుదేరే ముందే చూసుకుని, గేజ్ తిరిగి తగిలించేసి, ఇక దాన్ని వదిలేయండి. నిమిషానికి 9 మీటర్లు దాటకుండా వస్తూ, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగినప్పుడు మళ్లీ ఒకసారి గాలి చూడండి. కన్సోల్ ఉన్నవాళ్లు ఎక్కడం మొదలుపెట్టకముందే దాన్ని కుడి చేతిలోకి తీసుకోవాలి. మధ్యలో వెతుక్కుంటూ కూర్చుంటే ఆ కాసేపట్లోనే వేగం పెరిగిపోతుంది, ఎందుకంటే పైకి వచ్చేకొద్దీ బీసీడీలో గాలి వ్యాకోచిస్తూ ఉంటుంది.

నా చేతి కంప్యూటర్‌కీ బడ్డీ కన్సోల్‌కీ లోతులో తేడా చూపిస్తోంది. ఏది నమ్మాలి?

తేడా మీటరు లోపు ఉంటే టెన్షన్ పడకండి. నడుము దగ్గరున్నది, చాచిన చేతి మీదున్నది ఒకే లోతులో ఉండవు, మంచినీటికీ ఉప్పునీటికీ సెట్టింగ్ వేరైనా కొద్ది తేడా వస్తుంది. ఎవరి కంప్యూటర్ ఎక్కువ జాగ్రత్తగా లెక్కేస్తోందో, అంటే ఎవరిది ముందు పైకి రమ్మంటోందో, ఇద్దరూ దాన్నే పాటించండి.

ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ మధ్యలో పోయింది, ఏం చేయాలి?

ముందు కంప్యూటర్ ఉన్న చేతిని ఫస్ట్ స్టేజ్ వైపు దగ్గరగా తెచ్చి కొద్ది క్షణాలు చూడండి. ఫ్లాష్ వాడుతున్నప్పుడు, నీటిలో మోటార్ స్కూటర్ దగ్గరున్నప్పుడు కాసేపు పోయి మళ్లీ వస్తుంటుంది. రాకపోతే గేజ్ చూస్తూ కొనసాగించండి. గేజ్ లేదా, బడ్డీకి సైగ చేసి పైకి రండి. చివరిసారి చూసిన అంకె మీద అంచనా వేసుకుంటూ డైవ్ సాగించడం వద్దు.

గేజ్ మొదట్లోంచి సన్నగా బుడగలు వస్తున్నాయి. ప్రమాదమా?

హోస్‌కూ గేజ్‌కూ మధ్య తిరిగే చిన్న స్వివెల్ ఉంటుంది, దానికి రెండు చివర్లా చిన్న ఓ రింగులు (రబ్బరు వలయాలు), అవి అరిగితే ఇలా వస్తుంది. మార్చడం చిన్న పని, రిపేర్ చేసేవాళ్ల దగ్గర నిమిషాల్లో అయిపోతుంది. హై ప్రెషర్ హోస్‌లోకి గాలి వెళ్లే రంధ్రం కావాలనే చాలా సన్నగా పెడతారు, అందుకే ఈ హోస్ తెగినా, రెగ్యులేటర్ హోస్ తెగినంత వేగంగా సిలిండర్ ఖాళీ అవదు. దూకకముందే కనిపిస్తే బాగుచేయించాకే దిగండి. నీటిలో కనిపించి సన్నగా అలాగే ఉంటే బడ్డీకి చూపించి గేజ్ తరచుగా చూస్తుండండి, పెరుగుతుంటే డైవ్ ముగించండి.

రాత్రి డైవ్‌లో గేజ్ కనిపించడం లేదు.

ముల్లు గేజ్ అద్దానికి టార్చ్ వెలుగు కాసేపు చూపిస్తే లోపలి పూత కొన్ని నిమిషాలు మెరుస్తుంది. కంప్యూటర్ బ్యాక్‌లైట్ ఎలా వెలిగించాలో దిగకముందే, గ్లవ్స్‌తో చేసి చూసుకోండి.

## బయటికి వచ్చాక

ఎలా కడగాలి? బకెట్‌లో ముంచితే చాలదా?

ముంచి కాసేపు మంచినీటిలో నాననివ్వండి, పైపైన నీళ్లు పోస్తే మూలల్లో ఉప్పు పోదు. కన్సోల్ రబ్బరు పెట్టెను అప్పుడప్పుడు ఊడదీసి లోపల కూడా కడగండి. బయటికి కొత్తగా కనిపించే గేజ్ లోపల పచ్చగా చిలుమెక్కి ఉండటం మామూలే. హోస్ చివర రబ్బరు తొడుగులు ఉంటే వాటినీ వెనక్కి జరిపి చూడండి, పగుళ్లు వాటి కిందే మొదలవుతాయి. చార్జింగ్ పిన్నులు ఆరాకే చార్జర్ పెట్టండి. పడవ మీద సిలిండర్ పడుకోబెట్టేటప్పుడు గేజ్‌ను పైకి తీసి పెట్టండి, అద్దాలు పగిలేది ఎక్కువగా సిలిండర్ కిందే.

అద్దెకు తీసుకున్న కన్సోల్‌లో కంప్యూటర్ ఉంది. మధ్యాహ్నం డైవ్‌కు వేరే సెట్ ఇస్తే వాడొచ్చా?

వాడకండి. పొద్దున మీరు వాడిన కంప్యూటర్‌లోనే మీ మొదటి డైవ్ లెక్క ఉంది. వేరేదానిలో ఇంకొకరి డైవ్ ఉంటుంది, లేదా ఏమీ ఉండదు, రెండూ మీకు పనికిరావు. రోజంతా ఒకే సెట్ ఇవ్వమని ముందే అడగండి. రెగ్యులేటర్ అద్దెకు తీసుకుంటున్నా కంప్యూటర్ ఒక్కటి మాత్రం సొంతంగా చేతికి ఉంటే ఈ సమస్యే రాదు, మొదట కొనాల్సిన సామాను ఏది అని అడిగినవాళ్లకు మాస్క్ తర్వాత నేను కంప్యూటర్ పేరే చెప్పడానికి కారణం ఇది.

విమానంలో ఏది చేతి సంచిలో, ఏది పెట్టెలో?

కంప్యూటర్, ట్రాన్స్‌మిటర్, రెగ్యులేటర్ మీ వెంటే చేతి సంచిలో. విడిగా పెట్టుకునే లిథియం బ్యాటరీలు కూడా చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో ఒప్పుకోరు. తిరుగు ప్రయాణంలో కంప్యూటర్ చేతికే ఉంచుకుంటే విమానం ఎక్కకుండా ఇంకా ఎంతసేపు ఆగాలో అందులోనే కనిపిస్తుంది. డీకంప్రెషన్ (ఒంట్లో నైట్రోజన్ పోవడానికి దారిలో తప్పనిసరిగా ఆగడం) లేని ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించి డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు అన్నది డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ చెప్పే లెక్క. కంప్యూటర్ అంతకంటే ఎక్కువ చూపిస్తే కంప్యూటర్ చెప్పినంతసేపు ఆగండి.